పిల్లి మీ మీద కక్ష కట్టలేదు

"ఊరికి వెళ్లి వచ్చేసరికి మంచం మీద మూత్రం పోసి పెట్టింది. వదిలేసి వెళ్లానని కక్ష తీర్చుకుంది." పిల్లిని పెంచేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటూనే ఉంటాను. చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో విసుగుతో పాటు కాస్త మురిపెం కూడా వినిపిస్తుంది. చూశారా, నేనంటే దానికి ఎంత పట్టింపో అన్న మురిపెం. ఈ కక్ష కథ ఇన్నేళ్లుగా చావకుండా ఉండటానికి ఆ మురిపెమే కారణమని నా అనుమానం. పిల్లికి మూత్రాశయం వాచిందనుకోవడం కంటే, అది మన మీద అలిగిందనుకోవడం మన అహానికి హాయిగా ఉంటుంది.

నాకు ఈ కథంటే ఒళ్లుమంట. దీన్ని నమ్మినవాళ్లు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన రోజున పిల్లిని తిడుతూ కూర్చుంటారు. ఆ ఆలస్యానికి పిల్లులు చచ్చిపోతాయి.

అసలు కక్ష తీర్చుకోవాలంటే ఏం కావాలో ఒక్కసారి ఆలోచించండి. మొన్న జరిగిన అవమానాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఏం చేస్తే ఎదుటివాడికి మండుతుందో లెక్కగట్టాలి, సమయం చూసి దెబ్బకొట్టాలి. అన్నిటికీ మించి, తన మూత్రమంటే మనకు రోత అని దానికి తెలియాలి. పిల్లికి తన మూత్రం రోత కాదు, తన ఆనవాలు. దాన్ని మన మొహాన కొట్టే ఆయుధంగా చూడటం మనుషులకు పుట్టే ఆలోచన.

ఊరి నుంచి వచ్చేసరికి మంచం తడిసి ఉన్న మాట నిజమే కావచ్చు. కారణం మాత్రం వేరు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడి బృందం 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో మొత్తం 32 పిల్లులు. కొన్నింటికి మూత్రాశయ వ్యాధి ఉంది, మిగతావి ఆరోగ్యంగా ఉన్నవి. తిండి పెట్టే వేళ మారడం, రోజూ చూసుకునే మనిషి మారడం లాంటివి జరిగిన వారాల్లో, ఏ జబ్బూ లేని పిల్లులు కూడా వాంతులు చేసుకున్నాయి, తిండి మానేశాయి, లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాల కోసం ఇసుకలాంటిది నింపి ఇంట్లో ఉంచే పెట్టె) బయట మూత్రం పోశాయి. మీరు ఊరికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో జరిగేది కూడా సరిగ్గా ఇదే. తిండి వేళ మారింది, తిండి పెట్టే చెయ్యి మారింది. పిల్లికి కలిగింది కోపం కాదు, బెదురు. ఆ బెదురు దాని మూత్రాశయానికి తగిలింది. ఇక మంచమంటారా, ఇంట్లో అంత మెత్తగా, తడిని ఇట్టే పీల్చుకునేలా, పైగా మీ వాసనతో ఉన్న చోటు మరొకటి లేదు.

ఈ జబ్బుకు ఫీలైన్ ఇడియోపతిక్ సిస్టైటిస్ అని పేరు. పదేళ్ల లోపు పిల్లుల్లో మూత్ర సమస్యలకు అన్నిటికంటే ఎక్కువగా తేలే కారణం ఇదే. సూక్ష్మజీవులు ఉండవు, రాళ్లు ఉండవు, అయినా మూత్రాశయం లోపలి పొర వాచిపోతుంది. మూత్రం పోసినప్పుడల్లా మంట. ఆ మంట పెట్టెలో ఉన్నప్పుడు కలిగింది కాబట్టి పిల్లి పెట్టెనే అనుమానిస్తుంది. వేరే చోటు వెతుక్కుంటుంది. చల్లగా, నున్నగా ఉండే స్నానాలగది నేల, లేదా మడత పెట్టని బట్టల కుప్ప.

ఇందులో ఒక తిరకాసు ఉంది. చాలా పిల్లుల్లో ఈ వాపు వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. ఆ వారంలో పిల్లిని కొట్టినవాడు దెబ్బ పనిచేసిందనుకుంటాడు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసినవాడు మందు పనిచేసిందనుకుంటాడు. నిజానికి వయసులో ఉన్న పిల్లుల మూత్రంలో సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బు అరుదు, అది ఎక్కువగా ముసలి పిల్లులకు వస్తుంది. కానీ ఈ లోగా ఇద్దరూ నలుగురికి సలహాలు చెప్పడం మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. వాపు వల్ల ఊడిన పొరలు, జిగురు, ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు కలిసి బిరడాలా అడ్డుపడితే మూత్రం చుక్క కూడా బయటికి రాదు. కాలుగాలిన పిల్లి అంటామే, అచ్చం అలా తిరుగుతుంది. పెట్టెలోకి వెళ్తుంది, నడుము వంచి కూర్చుంటుంది, అలాగే ఉండిపోతుంది. లేచాక చూస్తే ఇసుక పొడిగానే ఉంటుంది, లేదంటే గులాబీ రంగులో ఒకటి రెండు చుక్కలు. గడప దగ్గర కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది, సోఫా మీద ప్రయత్నిస్తుంది. మధ్యమధ్యలో వెనక్కి వంగి అక్కడే నాకుతూ ఉంటుంది. ఎత్తుకుంటే అరుస్తుంది. ఇదంతా చూసి చాలామంది మలబద్ధకం అనుకుని నూనె పట్టిస్తారు.

మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తెల్లారనిద్దాం, సెలవు అయిపోనిద్దాం అనడానికి వీల్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లికి ఈ ముప్పు లేదనుకోవద్దు, దానికీ ఉంటుంది. పొట్ట నొక్కి మూత్రం తెప్పించబోకండి, నిండిన మూత్రాశయం చిట్లవచ్చు. నొప్పిగా ఉందేమో పాపం అని మనుషుల పారాసెటమాల్ అసలే వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిపడా లేదు. ఒక్క మాత్ర చాలు చంపడానికి.

మిగతా జబ్బుల పని తొందరగా చెప్పేస్తాను. కిడ్నీలు దెబ్బతిన్నా, మధుమేహం వచ్చినా, థైరాయిడ్ ఎక్కువైనా పిల్లి ఎక్కువ నీళ్లు తాగి ఎక్కువ మూత్రం పోస్తుంది. నిన్నటిదాకా చాలిన పెట్టె ఇప్పుడు పూటకే నిండిపోతుంది, తడిసిన ఇసుకలో అది కాలు పెట్టదు. ముసలి పిల్లులకు కీళ్ల నొప్పులు ఉంటాయి. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి 2002లో వెలువరించిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. అలాంటి పిల్లికి జానెడు ఎత్తు గోడ ఎక్కి దిగడమే ఒక శిక్ష. ఒక పక్క అంచు తక్కువగా ఉన్న పెట్టె పెడితే తీరిపోయే సమస్యకు దాని బుద్ధిని తప్పుపడతాం.

జబ్బేమీ లేదని తేలితే అప్పుడు పెట్టె వైపు చూడాలి. నన్నడిగితే దుకాణంలో దొరికే లిట్టర్ బాక్సుల్లో చాలావరకు పిల్లి కోసం కాక మనిషి కోసం తయారైనవే. ఈ సరుకు పుట్టుకే అలాంటిది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1947లో ఒక ఇల్లాలు తన పిల్లి కోసం బూడిద వాడేది. పిల్లి పాదాలకు అంటిన మసి ఇల్లంతా ముద్రలు పడుతోందని విసిగిపోయి ఇసుక అడిగితే, పొరుగున ఉన్న ఎడ్ లో అనే వ్యాపారి తడిని పీల్చే బంకమట్టి గుళికలు ఇచ్చాడు. ఆ వ్యాపారం అలా మొదలైంది. గమనించండి, అక్కడ విసిగింది మనిషి. పిల్లికి బూడిదతో ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత వచ్చిన మెరుగులన్నీ అదే దారిలో నడిచాయి. మూత ఎందుకు? మనకు కనిపించకూడదని. లోపల వాసన గూడుకట్టి పిల్లికి ఊపిరాడకపోతే మనకేం! పూల పరిమళం ఎందుకు? మన ముక్కుకు. చిన్న సైజు ఎందుకు? మన మూలలో ఇమడాలని. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి పెట్టె. ఆ కొలత పట్టుకుని దుకాణానికి వెళ్లండి, ఎన్ని పెట్టెలు మిగులుతాయో చూద్దాం. బట్టలు పెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, ఒక పక్క అంచు కోస్తే వాటన్నిటికంటే నయం.

ఇంటిపిల్లి మూలపురుషుడు ఆఫ్రికా అడవిపిల్లి. పొడినేలలో తవ్వి, పని కానిచ్చి, పూడ్చే అలవాటు అక్కడి నుంచి వచ్చింది. అందుకే చాలా పిల్లులు సన్నగా, మెత్తగా, ఏ వాసనా లేని ఇసుకనే ఇష్టపడతాయి. పెట్టె నచ్చలేదని పిల్లి చెబుతూనే ఉంటుంది, చూసే కన్ను ఉండాలి. నాలుగు కాళ్లూ అంచు మీద పెట్టి, గుళికలు పాదాలకు తగలకుండా బిగుసుకుని కూర్చునే పిల్లిని చూడండి. పని అయ్యాక ఇసుకను వదిలేసి పక్కనున్న గోడను గీకుతుంది, పాదం విదిలించుకుంటూ ఒక్క దూకున బయటపడుతుంది. ఇంకొన్నాళ్లకు ఆ అంచు కూడా ఎక్కదు.

రెండు పిల్లులున్న ఇళ్లలో సంగతి మరీ సున్నితం. కొట్టుకోవడం లేదు కదా, బాగానే ఉన్నాయి కదా అంటారు. గొడవకు గోళ్లే అక్కర్లేదు. పెట్టెకు వెళ్లే దారిలో ఒకటి తీరిగ్గా పడుకుని, రెండోదాని వైపు కన్నార్పకుండా చూస్తుంది. అంతే. రెండోది వెనక్కి తిరిగి కర్టెన్ చాటుకు పోతుంది. మూత ఉన్న పెట్టెకు ఒకటే ద్వారం కాబట్టి లోపలికి వెళ్లాక పట్టుబడే భయం కూడా. పిల్లుల వైద్య సంఘాలు 2014లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఎన్ని పిల్లులుంటే అన్ని పెట్టెలు, పైన ఇంకొకటి, అదీ వేర్వేరు చోట్ల పెట్టమన్నారు. మూడు పెట్టెలూ వరుసగా ఒకే గోడకు పేర్చి "పెట్టాం కదా" అనేవాళ్లున్నారు. కాపలా కాసే పిల్లికి అది ఒకే పెట్టె కిందే లెక్క.

గోడ మీద చిమ్మడం వేరే వ్యవహారం. కూర్చుని నేల మీద పోయకుండా, నిలబడి తోక నిక్కబొడిచి, ఆ తోక కొస వణుకుతుండగా వెనక్కి కొద్దిగా చిమ్ముతుంది. అది హద్దుల భాష. ఎక్కువగా ఆపరేషన్ కాని గండుపిల్లులు చేస్తాయి, వాటి మూత్రం కంపు కూడా ఘాటు. ఆపరేషన్‌తో చాలావరకు ఆగుతుంది, అయినా మగవాటిలో 10 శాతం, ఆడవాటిలో 5 శాతం దాకా తర్వాత కూడా చిమ్ముతాయి. కిటికీ కిందా తలుపు పక్కనా చిమ్ముతుంటే బయట తిరిగే పరాయి పిల్లి కోసం చూడండి. కిటికీ కింది భాగం కనబడకుండా కప్పితే సగం పని అవుతుంది.

ముక్కు పట్టి తడిలో రుద్దడం, చీకటి గదిలో పెట్టడం గురించి మర్యాదగా రాయడం నా వల్ల కాదు. చెవులు వెనక్కి వాల్చి ముడుచుకుంటే "తప్పు తెలిసింది" అంటారు. దానికి తెలిసింది మీరు ప్రమాదమని మాత్రమే. ఇక రేపటి నుంచి మీకు కనబడని చోట పోస్తుంది, మీరు దాన్ని దొంగబుద్ధి అంటారు.

శుభ్రం చేయడానికి అమోనియా కలిసిన ద్రావకాలు వాడొద్దు, ఆ వాసన మూత్రాన్నే తలపిస్తుంది. మూత్రం మీద బ్లీచింగ్ పోయొద్దు, వచ్చే వాయువు మీ ఊపిరితిత్తులకే చేటు. ఎంజైములున్న క్లీనర్ తెచ్చి, తడి లోపలిదాకా ఇంకేలా పోసి, దానంతటది ఆరనివ్వాలి. పాత మరకలు తెలియకపోతే గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేయండి, వెలుగుతాయి. ఎన్ని చోట్ల వెలుగుతాయో చూసి కంగారు పడకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు "ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది" అనకండి, దానితో ఆయన ఏం చేయలేరు. కూర్చుని పోసిందా నిలబడి చిమ్మిందా, మడుగు కట్టిందా చుక్కలేనా, ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఇంట్లో ఏం మారింది, ఇవి చెప్పండి. పెట్టెలో కూర్చున్నప్పుడు ఫోనుతో వీడియో తీసి ఉంచితే ఇంకా మంచిది. మగపిల్లి అయి, పెట్టె పొడిగా ఉంటే మాత్రం వీడియో కోసం కూడా ఆగకండి.