మా అత్త వేసిన మార్కులు

ప్రభుత్వ ఆసుపత్రులకు కూడా పరీక్షలు, మార్కులు ఉంటాయి. ఎన్‌క్వాస్ అంటారు, అంటే జాతీయ నాణ్యతా ప్రమాణాలు. బయటి నుంచి అసెసర్లు కట్టలకొద్దీ చెక్‌లిస్టులు పట్టుకుని వస్తారు. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు, ఈ మూడే మార్కులు. సక్రమంగా ఉంటే రెండు, అరకొరగా ఉంటే ఒకటి. మొత్తం మీద కనీసం 70 శాతం వస్తేనే సర్టిఫికెట్టు. అదీ మూడేళ్ళకే. వాళ్ళు కళ్ళతో చూస్తారు, సిబ్బందిని ప్రశ్నలడుగుతారు, రిజిస్టర్లు తిరగేస్తారు. ఇంతవరకూ పర్వాలేదు, ముందే చదువుకుని తయారవ్వొచ్చు. నాలుగోది రోగుల్ని అడగటం. తిరుపతిలో మా పేటకున్న పట్టణ ఆరోగ్య కేంద్రం కొంప మునగబోయింది అక్కడే.

అసెసర్లు వస్తున్నారనగానే గోడలకు రంగులు పడ్డాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం చెత్తడబ్బాలు వరసలో కూర్చున్నాయి. సూది తెల్లదాంట్లో, గాజుసీసా నీలందాంట్లో అని నర్సమ్మ స్వీపరు చేత ఎక్కాల్లా అప్పజెప్పించింది. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే ఆరు బొమ్మలు కుళాయి పైన అంటించారు. కుళాయిలో నీళ్ళు కూడా వచ్చాయి.

ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్త మా ఇంటికొచ్చింది. "పెద్దమ్మా, రేపు నువ్వు రావాల. ఆయనేం అడిగినా కొంచెం మంచిగా చెప్పు" అంది. ఆమె ఎంపికలో తప్పేమీ లేదు. నెలనెలా బీపీ మాత్రలకు వెళ్ళే మా అత్తకు ఆ ఆసుపత్రి మీదున్న అభిమానం పుట్టింటి మీద కూడా లేదు. చిక్కంతా ఆ అభిమానంతోనే.

అసెసరు కోస్తా మనిషి. కళ్ళద్దాలు, మెడలో కార్డు, ఊపిరి తీసుకున్నా చివర ఒక 'అండి'. డాక్టరమ్మ, నర్సమ్మ ఆయన వెనక నిలబడ్డారు. తోడుగా వెళ్ళిన నేను అత్త పక్కన కూర్చున్నాను.

"ఇక్కడ ఎంతసేపు కూర్చోబెడతారండి?"

"ఎంతసేపైనా కూర్చోనిస్తారు నాయనా. తొమ్మిదికొస్తే అన్నం పొద్దు దాకా ఫ్యాను కిందే ఉంటా. లెయ్యి అనే మాటే లేదు."

ఆయన ఏదో రాసుకున్నాడు. అత్త ఉషారైంది.

"బీపీ ప్రతిసారీ చూస్తారాండి?"

"నాకు మిషినెందుకు సామీ? నర్సమ్మ నా మొహం చూసే చెప్పేస్తుంది. అంత తెలివైన బిడ్డ."

తెలివైన బిడ్డ గోడ వైపు తిరిగింది.

"మందులన్నీ దొరుకుతాయాండి?"

"దొరక్కేం! నా చీటీ మీదే చంద్రగిరిలో ఉండే మా చెల్లెలిక్కూడా ఇస్తారు. ఆమె ఇంతవరకూ ఈ ఆస్పత్రి గడప తొక్కలేదు, పాపం."

"డబ్బులేమైనా అడుగుతారాండి?"

"ఛ! కొండ లడ్డు తప్ప ఏమీ ముట్టుకోరు."

తిరుపతిలో లడ్డు పంచడం పలకరింపు కిందే లెక్క. ఆ సంగతి బయటి జిల్లాల చెక్‌లిస్టుకు తెలియదు కదా. డాక్టరమ్మ దగ్గింది. నేను అత్త మోచెయ్యి గిల్లాను. "ఏమ్మే, గిల్లుతావేంది? ఉండేదేగా చెప్తా ఉండా" అని అందరికీ వినబడేలా అంది.

ఇక ఆఖరి ప్రశ్న. "మీ జబ్బు సంగతులు గోప్యంగా ఉంచుతారాండి?"

"ఈడ దాపరికాలు లేవు నాయనా. ఎవురికెంత షుగరుండాదో బెంచీలో అందరికీ తెలుసు. మొన్న మా ఎదురింటామెకు 310 అన్నారు. మేమందరం వాళ్ళింటికి పోయి తిట్టేసి వచ్చినాం. ఇదిగో, ఈ ఆకుపచ్చ తెర నిన్న కట్టినారు. గాలాడి చావడం లేదు."

చుట్టుపక్కల బెంచీల వాళ్ళు అవునవునన్నారు.

ఆసుపత్రి పాసైంది. చెత్తడబ్బాలు, ఆరు బొమ్మలు, రిజిస్టర్లు కలిసి అత్తను దాటించి ఒడ్డున పడేశాయి. అయితే ఆమె పొగిడినవన్నీ లోపాల జాబితాకెక్కి, ఒక్కొక్కటీ సర్దుబాటయ్యాయి. నాకైతే సంతోషమే. బీపీ ఎక్కువున్నా చాలామందికి పైకి ఏమీ తెలియదు. మొహం చూసి చెప్పడానికి అది జ్వరం కూడా కాదు.

ఇప్పుడు నర్సమ్మ అత్తను కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెడుతోంది. అరగంట ముందు నుంచీ కాఫీ తాగకూడదు. పట్టీ బిగించాక మాట్లాడకూడదు. కాఫీ మానేయమంటే అత్త సరేనంది. మాట్లాడొద్దనేసరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. చంద్రగిరి చెల్లెల్ని అక్కడి ఆసుపత్రికే వెళ్ళమన్నారు. తెర వెనక ఎవరికెంత షుగరో బెంచీకి అందడం లేదు. లడ్డు పొట్లం తీసుకెళ్ళిన సంచిలోనే తిరిగి ఇంటికొచ్చేసింది.

పైగా మిషను 160/100 చూపించింది. డాక్టరమ్మ మాత్ర మార్చింది.

"మొహం చూసినన్నాళ్ళూ బాగానే ఉండె. మిషిను పెట్టినారు, పెరిగిపోయింది" అంది అత్త, చెప్పులు విడుస్తూనే. "పాసైనంక చెడిపోయింది ఆ ఆస్పత్రి. ఆ కళ్ళద్దాలాయన మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"సర్టిఫికెట్టు మూడేళ్ళు అత్తా."

"అన్నాళ్ళు నేనాగలేను. ఆయన ఫోన్ నెంబరు కనుక్కోమ్మే. అప్పుడేదో మొహమాటానికి అంతా మంచిగా చెప్పేసినా."