సూడి గొర్రెకు దాణా పోస్తే ఈత అడ్డం పడుతదా?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో చూడి కట్టిన గొర్రెలు జులై, ఆగస్టుల్లో ఈనుతాయి. కడుపులో పిల్ల పెరిగే రోజుల్లో బీడు ఎండి ఉంటుంది. అప్పుడు దాణా పెట్టాలా వద్దా అని తెలంగాణ మంద కాపరికీ పశువుల డాక్టరుకూ వాదన.

కాపరి: సూడి గొర్రెకు దాణా పోస్తే పిల్ల లోపలనే బలుస్తది డాక్టరమ్మా. ఈనేటప్పుడు అడ్డం పడి తల్లీ పోతది, పిల్లా పోతది. అదేదో ఈనినంక పెడ్తే పాలన్న దిగుతయి.

డాక్టరు: ఐదు నెలల చూడిలో పిల్ల బరువు మూడింట రెండొంతులు ఆఖరి ఆరు వారాల్లోనే పెరుగుతుందన్నా. అప్పుడు ఎండుగడ్డే దిక్కయితే రెండు కిలోలైనా లేని పిల్ల పడుతుంది. ఒంట్లో వేడి పుట్టించే కొవ్వు ఉండదు, లేచి చన్ను పట్టేలోపే చల్లబడుతుంది.

కాపరి: ముర్రుపాలు పిండి తాపుతం.

డాక్టరు: పొదుగు కట్టేదీ ఆ వారాల్లోనే కదా! తిండి చాలని తల్లికి ముర్రుపాలు ఆలస్యంగా, కొంచెమే, జిగురులా దిగుతాయి. గొర్రెలో రోగాల్ని ఆపే శక్తి మాయ దాటి పిల్లకు రాదు, ముర్రుపాలతోనే రావాలి. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రెండు గంటల్లో 125 మి.లీ. పడాలి. ఎండిన పొదుగులో ఏం పిండుతారు?

కాపరి: సరే, ఆఖరుకు పెడ్తం. మూడో నెలల పస్తున్నా ఏం గాదు గదా, పిల్ల ఇంతే ఉంటది.

డాక్టరు: పిల్ల చిన్నదే, కానీ మాయ పెరిగేది అప్పుడే. 90వ రోజు దాటాక అది పెద్దగా పెరగదు. తర్వాత ఎంత పోసినా ఆ మాయ అందించగలిగినంతే పిల్లకు చేరుతుంది. కండ పోగుల లెక్కా కడుపులోనే తేలిపోతుంది. పుట్టాక ఉన్న పోగులు లావెక్కుతాయి, కొత్తవి రావు. మాంసానికి పొట్టేళ్లు అమ్మేవాళ్లకు ఇది నేరుగా డబ్బు. అయినా ఆ నెలల్లో దాణా అక్కర్లేదు, ఒళ్లు తగ్గకుండా మేత దొరికితే చాలు.

కాపరి: మరి తొలి ఈత గొర్రెలు? బాగ మేపినా చిన్న పిల్లల్నే ఈనుతయి. గీడ దాణా ఏం జేసింది?

డాక్టరు: అది నిజం. ఎదిగే వయసు గొర్రెకు మొదటి నుంచీ దండిగా పెడితే తిండి దాని ఒంటికే పోతుంది, మాయ చిన్నదవుతుంది. వాటిని వేరుగా ఉంచి మెల్లగా పెంచాలి. జంట పిల్లల్ని మోసే పెద్ద గొర్రె సంగతి వేరు.

కాపరి: అది పోసినా ముట్టదు మేడం.

డాక్టరు: కడుపు నిండా పిల్లలుంటే మేతకు చోటేది? పిల్లలు గ్లూకోజు లాగేస్తాయి, తల్లి తన కొవ్వు కరిగించుకుంటుంది, ఆ కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు రక్తంలో చేరతాయి. మందకు దూరంగా నిలబడి, చూపు ఆననట్టు గోడకు తల ఆనిస్తుంది, పళ్లు కొరుకుతుంది. బెల్లం నీళ్లు పోస్తే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. ఒంట్లో గ్లూకోజుగా మారే మందు ప్రొపిలీన్ గ్లైకాల్ 60 మి.లీ. పట్టి వెంటనే డాక్టరును పిలవాలి. అక్కడిదాకా రానివ్వకుండా తక్కువ మోతాదులో బలమైన మేత పెట్టాలి.

కాపరి: ఎంతనో చెప్పుండ్రి.

డాక్టరు: 30 కిలోల గొర్రెకు, ఈతకు 45 రోజుల ముందు 50 గ్రాములతో మొదలు. మూడు నాలుగు రోజులకోసారి 50 పెంచుతూ 250 దాకా, జంట పిల్లలైతే 350 దాకా, రెండు పూటలుగా. ఒక్కసారే పోస్తే పొట్ట పులిసి గొర్రె పడిపోతుంది. వంద కిలోల దాణాకు మక్క నూక 45 కిలోలు, తవుడు 30, పల్లి చెక్క 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. బూజు పట్టిన చెక్క వద్దు. మిశ్రమం గొర్రెలకని అమ్మేదే కొనండి. బర్రెల దాంట్లోని రాగిని గొర్రె కాలేయం తట్టుకోదు. అట్లని రాగి మరీ తక్కువైనా పిల్లకు వెనుక కాళ్లు పడిపోతాయి.

కాపరి: వంద జీవాలకు దినానికి 25 కిలోలు! ఎక్కడి నుంచి తేవాలె?

డాక్టరు: అన్నిటికీ వద్దు. నడుము తడమండి. వెన్ను ముళ్లు కత్తిలా తగిలేవి, జంట పిల్లలవి, ముసలివి ఒక గుంపు. తడిమినా ముల్లు దొరకనివి దాణాకు దూరం. ఒకే పిల్లను మోసే బలిసిన గొర్రెలోనే మీరన్న అడ్డం.

కాపరి: అదే గదా నేను మొదటి నుంచి అంటున్నది! రేపు పొద్దుగాల్ల తడుముత. బలిసినయి తీసేసి, మిగిలిన వాటికే లెక్క రాయుండ్రి.