కంటి కదలికల చికిత్స చెయ్యేటి పల్లెలకు రావాలి

2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం కట్ట తెగి, కడప జిల్లాలోని పులపత్తూరు, మందపల్లి మీద చెయ్యేరు విరుచుకుపడింది. కూలిన ఇళ్లకు, ఇసుక మేట వేసిన పొలాలకు నష్టం లెక్కగట్టడం ప్రభుత్వానికి తెలుసు. వాన చప్పుడుకే గుండె దడదడలాడే మనిషికి ఆ లెక్కలో చోటు లేదు.

అలాంటివారికి పనికొచ్చేది ఈఎండీఆర్ అనే కంటి కదలికల చికిత్స. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిన్ షాపిరో 1987లో దీనికి పునాది వేశారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పీటీఎస్‌డీకి, అంటే భయంకర అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్యకు, సిఫారసు చేసింది. వెంటాడే దృశ్యాన్ని తలచుకుంటూనే, కుడి ఎడమలకు కదిలే చికిత్సకుల వేళ్లను చూపుతో అనుసరించాలి. కాసేపటికి ఆపి, ఇప్పుడేం తోస్తోందని అడుగుతారు. మళ్లీ మొదలుపెడతారు. జ్ఞాపకం చెరిగిపోదు, దాని పదును తగ్గుతుంది. తలచుకోవడం, చూపు తిప్పడం రెండూ ఒకేసారి చేయాల్సి రావడంతో మనసులోని దృశ్యం మసకబారుతుందన్నది ఒక వివరణ. అసలు కళ్లు తిప్పడం అవసరమా అనే వాదన పరిశోధకుల్లో ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా బాధితులు ఆగాలనడం నాకు సమ్మతం కాదు.

జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేకపోవడం ఇందులో నాకు అన్నిటికంటే విలువైన సంగతి. బిడ్డను వరదలో పోగొట్టుకున్న తల్లి ఆ ఉదయాన్ని పరాయి మనిషి ముందు ఎలా వివరించగలదు? ఇంటి దగ్గర రాసుకు రావాల్సిన అభ్యాసాలూ ఉండవు కనుక చదువురానివారికీ ఇబ్బంది లేదు. జడుపు చేసిందని తాయెత్తు కట్టించుకున్నవారిని తప్పుపట్టడం అన్యాయం. వారికి అందుబాటులో ఉన్న ఆసరా అదే.

అయితే వీడియోలు చూసి వేళ్లు ఆడిస్తే చికిత్స కాదు. ఇందులో ఎనిమిది దశలున్నాయి. రోగి గతం తెలుసుకోవడం, దుఃఖం ముంచెత్తితే నిలదొక్కుకోవడం నేర్పడం మొదటి రెండు. వాటిని దాటవేసి గాయాన్ని కదిలిస్తే హాని జరగవచ్చు.

ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ప్రభుత్వ ఫోను సేవ టెలిమానస్ 14416 నంబరులో గోడు వింటుంది, మంచిదే. వారం వారం ఎదుట కూర్చుని చేసే ఈ పనికి మాత్రం అది చాలదు. బ్రిటన్ మార్గదర్శకాలు పెద్దలకు సాధారణంగా 8 నుంచి 12 సార్లు చికిత్స అవసరమంటాయి. అరటి తోటల్లో పనికి వెళ్లే మనిషి అన్నిసార్లు కడపకు వస్తే అన్ని రోజుల కూలి పోతుంది. అందుకే శిక్షణ పొందిన నిపుణులే వారానికోసారి రాజంపేట ప్రభుత్వ ఆసుపత్రికి రావాలి. ఇకపై వరద వస్తే, నెల దాటాక ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నిద్ర పడుతోందా, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్లముందుకు వస్తోందా అని అడగాలి. అవునన్నవారిని ఆ ఆసుపత్రికి పంపే బాధ్యతను జిల్లా యంత్రాంగం తీసుకోవాలి.