‘.ఏఐ’ డబ్బుల కన్నా ముందే ఆంగ్విల్లాకు ఒక కథ ఉంది

హైదరాబాద్‌లో ఏఐ స్టార్టప్ పెట్టినవాళ్లు తమ వెబ్‌సైట్ పేరు చివర ‘.ఏఐ’ కావాలనుకుంటే, కట్టే ఫీజులో కొంత ఆంగ్విల్లా ఖజానాకు చేరుతుంది. తూర్పు కరీబియన్‌లో బ్రిటన్ అధీనంలో ఉన్న ఈ దీవి విస్తీర్ణం సుమారు 91 చదరపు కిలోమీటర్లు. జనం పదహారు వేలకు అటూ ఇటూ. దేశాలకూ ప్రాంతాలకూ ఇచ్చే రెండక్షరాల ఇంటర్నెట్ కోడ్ కింద 1995లో దానికి ‘ఏఐ’ దక్కింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 2023లో ఈ పేర్ల మీద వచ్చింది దాదాపు 3.2 కోట్ల డాలర్లు, అంటే ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైనే.

లాటరీ తగిలిందని అందరూ రాస్తున్నారు. తగిలిన మాట నిజమే. కానీ అసలు ఆసక్తికరమైన ఆంగ్విల్లా అంతకు ముందుది.

అక్కడ వానలు తక్కువ, సున్నపురాయి మీద పల్చటి మట్టి. చెరకు తోటలు నిలబడలేదు. ఒకరకంగా అదే మేలైంది. తోటల యజమానులు వెళ్లిపోగా భూమి చిన్న చిన్న ముక్కలుగా మాజీ బానిసల కుటుంబాల చేతికొచ్చింది. వాళ్లు ఉప్పు తీశారు, చేపలు పట్టారు, పడవలు కట్టారు. తెరచాప పడవల పందెం ఇప్పటికీ వాళ్ల జాతీయ క్రీడ.

సొంత భూమి ఉన్నవాళ్లు పక్కవాడి పెత్తనం ఒప్పుకోరు. 1967లో బ్రిటన్ ఈ దీవిని సెయింట్ కిట్స్, నెవిస్‌లతో ఒకే పాలన కింద కట్టేస్తే, మే 30న జనం సెయింట్ కిట్స్ పోలీసులను వెళ్లగొట్టారు. జూలై రెఫరెండంలో సెయింట్ కిట్స్ నుంచి విడిపోవాలని 1,813 ఓట్లు, వద్దని 5. 1969 మార్చిలో బ్రిటన్ పారాట్రూపర్లను, లండన్ పోలీసులను దించింది. ప్రతిఘటన లేదు. చుట్టుపక్కల కాలనీలు స్వాతంత్ర్యం వైపు నడుస్తుంటే, వీళ్లు చివరికి కోరి తెచ్చుకున్నది లండన్ నేరుగా చేసే పాలన! 1980లో విడిపోవడం అధికారికమైంది.

‘.ఐఓ’ సంగతి చూడండి. అది బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం కోడ్. కానీ అక్కడి చాగోస్ దీవుల నుంచి బ్రిటన్ వెళ్లగొట్టిన ప్రజలకు ఆ వ్యాపారం లాభం దక్కలేదు. ఆంగ్విల్లాకు దక్కింది, ఎందుకంటే అక్కడ జనం ఉన్నారు, వాళ్లకో ప్రభుత్వం ఉంది.

ఇక ఖర్చు సంగతి. ‘.ఏఐ’ పేరు కనీసం రెండేళ్లకు కొనాలి, మోజు తగ్గితే రెన్యువల్స్ తగ్గుతాయి. 2017లో ఇర్మా తుఫాను దీవిని అతలాకుతలం చేసింది, టూరిజం దెబ్బతింది. అందుకే ఈ డబ్బును ఏటా వచ్చే ఆదాయంగా లెక్కేసి జీతాలకు వాడటం కన్నా, తుఫానుకు తట్టుకునే కరెంటు లైన్లకూ నీటి సరఫరాకూ పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.