టైమ్స్ న్యూ రోమన్ వాడకపోతే రెజ్యూమే చెత్తబుట్టలోకేనా?

క్యాంపస్ సెలక్షన్లు దగ్గర పడ్డాయంటే చాలు, ఒక వాట్సాప్ మెసేజ్ మళ్లీ నిద్ర లేస్తుంది. పోయిన వారం మా మేనకోడలు పంపింది. "మావయ్యా, ఇది నిజమేనా? నేను కాలిబ్రీ ఫాంట్‌లో చేశాను, ఇప్పుడు మొత్తం మార్చాలా?" అని ఒకటే టెన్షన్.

ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ: రెజ్యూమే టైమ్స్ న్యూ రోమన్ 12 సైజులోనే ఉండాలి. వేరే ఫాంట్ అయితే కంపెనీలు అప్లికేషన్లు చేర్చుకునే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చదవలేక తిరస్కరిస్తుంది, 75 శాతం రెజ్యూమేలు అలా మనిషి కంట పడకుండానే పోతున్నాయి. ఒక్క పేజీ దాటకూడదు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపాలి. ఉద్యోగ ప్రకటనలోని మాటలను తెల్లరంగులో పేజీ అడుగున పెడితే షార్ట్‌లిస్ట్ ఖాయం. తెలుగు రెజ్యూమే అయితే డీటీపీ సెంటర్లలో వాడే 'అను' ఫాంట్‌లో చేయించాలి. చివర 'పైవన్నీ నిజమే' అనే డిక్లరేషన్ తప్పనిసరి.

నా ఉద్యోగంలో సగం పని రెజ్యూమేలు చూడడమే. అంతకుముందు కొన్నాళ్లు డీటీపీ చేశాను. తనకు రాసిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఫాంట్ సంగతి. టైమ్స్ న్యూ రోమన్‌ను లండన్‌లోని 'ది టైమ్స్' దినపత్రిక కోసం తయారుచేశారు. 1932లో వాడుకలోకి వచ్చింది. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి కనుక అక్షరాలు ఒద్దికగా ఉంటాయి. తర్వాత వర్డ్ తెరవగానే అదే వచ్చేది కాబట్టి మన ప్రాజెక్టు రిపోర్టులన్నీ అందులోనే నడిచాయి. ఆఫీస్ 2007తో ఆ చోటు కాలిబ్రీకి దక్కింది, ఈమధ్య ఆప్టోస్ అనే కొత్త ఫాంట్‌కు. 'ప్రొఫెషనల్ ఫాంట్' అని మనం అనుకునేది చాలాసార్లు మనం వర్డ్ నేర్చుకున్న రోజుల్లో తెర మీద కనిపించిన ఫాంటే. అమెరికా విదేశాంగ శాఖ 2004లో కొరియర్ న్యూ వదిలి టైమ్స్‌కు వచ్చింది, 2023లో కాలిబ్రీకి వెళ్లింది, 2025 చివర్లో మళ్లీ టైమ్స్‌కే తిరిగొచ్చింది. అంత పెద్ద శాఖే ఇటూ అటూ తిరుగుతుంటే మన ఫార్వర్డ్‌లో మాత్రం తీర్పు వచ్చేసింది.

సాఫ్ట్‌వేర్‌కు ఫాంట్ అందచందాలతో పని లేదు. ఫైలులో అక్షరాల వెనకుండే కోడ్‌లను అది బయటికి లాగుతుంది. ఏరియల్‌లో కొట్టినా టైమ్స్‌లో కొట్టినా ఆ కోడ్ ఒకటే. దానికి ఇబ్బంది వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. కాన్వా అనే డిజైన్ సైట్‌లో దొరికే రెండు కాలమ్‌ల టెంప్లేట్‌లో ఎడమవైపు స్కిల్స్, కుడివైపు అనుభవం ఉంటే, కొన్ని సాఫ్ట్‌వేర్‌లు రెండింటినీ లైనుకు లైను కలిపేసి కిచిడీ చేస్తాయి. ఫోన్ నంబరు హెడర్‌లో పెడితే కొన్ని దాన్ని వదిలేస్తాయి. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించిన రెజ్యూమే అయితే అది ఉత్త ఫొటో, అందులో అక్షరాలే ఉండవు. ఫార్వర్డ్‌లో ఒక పిసరు నిజం కూడా ఉందని ఒప్పుకోవాలి: కాలిబ్రీ లాంటి ఫాంట్లలో 'టీ', 'ఐ' అనే ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన వస్తే అతుక్కుని ఒకే ఆకారం అవుతాయి. పీడీఎఫ్ సరిగ్గా తయారు కాకపోతే ఆ జంట మాయమై, 'సర్టిఫికేషన్' స్పెల్లింగ్‌కు మధ్యలో చిల్లులు పడతాయి.

ఇదంతా తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరస తప్పకుండా కనిపిస్తే చాలావరకు సాఫ్ట్‌వేర్‌కూ అలాగే అందుతుంది. మా మేనకోడలి ఫైలులో కాలిబ్రీ శుభ్రంగా వచ్చింది. స్కిల్స్ పక్కన పెట్టిన చుక్కల రేటింగ్ మాత్రం పిచ్చి గుర్తులుగా మారింది. అసలు జావాకు అయిదింటికి నాలుగు చుక్కలంటే ఏమిటో చదివే నాకూ అర్థం కాదు.

ఇక 75 శాతం. ఈ లెక్క ఎవరు కట్టారు, ఏ దేశంలో, ఎన్ని రెజ్యూమేల మీద అన్నది ఆ మెసేజ్‌లో లేదు. ఏటీఎస్ ప్రధానంగా ఒక బీరువా లాంటిది. అప్లికేషన్లు అందులో చేరతాయి, మాలాంటివాళ్లం అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్ పెట్టి వెతుక్కుంటాం. మెషీన్ తనంతట తాను తీసేసేది ఎక్కువగా 'రెండేళ్ల అనుభవం ఉందా' లాంటి ప్రశ్నకు 'లేదు' అని మీరే నొక్కినప్పుడు. ఒక పోస్టుకు వెయ్యి వస్తే అన్నీ తెరవం, అది నిజం. తెరవకపోవడానికి ఫాంట్ కారణం కాదు, తెరిస్తే కదా ఫాంట్ కనిపించేది!

సైజు 12 అన్నదీ అంతే. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. అది అక్షరం కూర్చునే గడి ఎత్తు, అక్షరానిది కాదు. అందుకే వెర్డానా 10లో కొట్టింది టైమ్స్ 12 పక్కన పెట్టినా చిన్నగా అనిపించదు. ఫాంట్‌ను బట్టి 10కీ 12కీ మధ్య కంటికి ఏది హాయిగా ఉంటే అది.

ఒక్క పేజీ మాట ఫ్రెషర్లకు సరే. పదేళ్లు పనిచేసినవాళ్లు దానికోసం 8 సైజుకు దించి, మార్జిన్లు గీసుకుపోయేలా చేసి పంపుతుంటారు. ల్యాడర్స్ అనే అమెరికా జాబ్ సైట్ 2018లో రిక్రూటర్ల చూపు ఎటు పోతుందో గమనిస్తే, మొదటి చూపుకు సగటున 7.4 సెకన్లు తేలింది. ఆ కాస్తలో కంటికి ఆనాల్సింది హోదా, కంపెనీ, తేదీలు. చీమల బారులో అవి ఆనవు. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న పిల్లలకు ఇంకో మాట: మన ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు, అక్కడి లెటర్ కాగితం సుమారు 279. ఇక్కడ నిండుగా ఒక్క పేజీలో సర్దింది అక్కడ కుదించుకుపోతుంది, లేదా కింది లైన్లు తెగుతాయి. పేజీ సైజు ముందే మార్చుకోండి.

పీడీఎఫ్ వద్దనడం ఎందుకో నాకు అంతుపట్టలేదు. నౌకరీ డాట్ కామ్ డాక్, డాక్స్, ఆర్‌టీఎఫ్‌తో పాటు పీడీఎఫ్‌నూ తీసుకుంటుంది. వర్డ్ ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, రెండు లైన్లు పక్క పేజీలోకి జారతాయి. కన్సల్టెన్సీలు వర్డే అడుగుతాయి, ఎందుకంటే మీ ఫోన్ నంబరు తీసేసి వాళ్ల లోగో పెట్టుకోవాలి. అడిగినవాళ్లకు ఇవ్వండి, మిగతావాళ్లకు పీడీఎఫ్.

తెల్లరంగు చిట్కా మాత్రం నిజంగా చేటు. సాఫ్ట్‌వేర్ రంగులు తీసేసి ఉత్త అక్షరాలు చూపిస్తుంది కనుక మీరు దాచింది మా తెర మీద బారుగా పరుచుకుంటుంది. ఆ మనిషి మీద నమ్మకం అక్కడితో సరి.

అను ఫాంట్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పత్రికలకూ అనువాద ఉద్యోగాలకూ ఇప్పటికీ ఇలాంటి రెజ్యూమేలు వస్తున్నాయి. అచ్చు పనికి అను చేసిన సేవ తక్కువేం కాదు, నేనూ దానిమీదే బతికాను. కానీ వాటిలో తెలుగు అక్షరం వెనక ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడ్. ఆ ఫాంట్ లేని చోట వర్డ్ ఫైలు తెరిస్తే మీ పేరు బదులు కొక్కిరి గీతలు కనిపిస్తాయి. వెతికితే దొరకదు. దీనికి బదులు యూనికోడ్ ఉంది, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగు ఉంది. ఆ పద్ధతి ఫాంట్లలో విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ ఉన్నాయి, ఉచితంగా మండలి దొరుకుతుంది, శీర్షికలకు రామభద్ర బాగుంటుంది. వత్తులు కింది లైను గుడులకు తగలకుండా లైన్ల మధ్య ఎడం పెంచండి. ఇక్కడ మాత్రం పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలూ పంపండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వత్తులూ గుణింతాలూ తరచూ చెదిరిపోతాయి.

డిక్లరేషన్ కాగితాల బయోడేటా నాటి అలవాటు. ప్రభుత్వ ఉద్యోగాల అప్లికేషన్‌లో ఎలాగూ దాని చోటు దానికి ఉంటుంది. ప్రైవేటులో అది లేదని ఎవరినీ పక్కన పెట్టడం నేను చూడలేదు. దాని పైన ఆధార్ నంబరు రాస్తున్నారే, అది తీసేయండి ముందు.

మా మేనకోడలు కాలిబ్రీని అలాగే ఉంచింది, చుక్కలు తీసేసింది. డిక్లరేషన్ మాత్రం వాళ్ల ప్లేస్‌మెంట్ సార్ ఉండాలన్నారట. రెండు లైన్లే కదా, ఉండనీ అన్నాను.