కొండవీటికి గైడ్ దండగేనా?
ఘాట్ రోడ్డు పడ్డాక కొండవీటి కోట చూడ్డానికి గైడ్ దండగ అన్నారు ఒక వ్యాసంలో. మొదటిసారి మేమూ అలాగే గుంటూరు నుంచి కారేసుకుని వెళ్లాం. చెరువు గట్టున పులిహోర తిని, ఫొటోలు దిగి వచ్చేశాం. కూలిన గోడలు తప్ప ఏమీ కనపడలేదు. పోయిన సంక్రాంతికి మా బావగారు వ్యాను ట్రిప్పులో సీట్లు తీసుకుంటే మళ్లీ వెళ్లాం. గైడుగా వచ్చిన పెద్దాయన మెట్లదారినే నడిపించాడు (నా మోకాళ్ల సంగతి అడక్కండి). రెడ్డిరాజుల రాజధాని, 1515లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి గెలుచుకున్న కోట అని మొదలుపెట్టి, కొండ మీద వాననీరు చెరువుల్లో ఎలా నిలిచేదో వాలు వెంట చేత్తో చూపించాడు. ఆయన ఉపన్యాసం కొండవీటి చాంతాడే, కానీ మేం పులిహోర తిన్న గట్టు ఏమిటో అప్పుడు గానీ తెలియలేదు. మధ్యాహ్నం రెండింటికే దిగమని వ్యానువాళ్లు తొందరపెట్టడమే చిరాకు.