36 చదివితే లెక్కకొచ్చింది 27

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ గురించి మనోళ్ళకి తెలియని విషయం ఉండదు. ఏ ప్రొఫెసర్ దగ్గర 'ఎ' గ్రేడ్ ఈజీగా పడుద్ది, ఏ అపార్ట్‌మెంట్‌లో నలుగురుండాల్సిన చోట ఏడుగురున్నా ఆఫీసోళ్ళు చూసీచూడనట్టు వదిలేస్తారు, జీఆర్‌ఈ ఎంట్రన్స్ అడగని యూనివర్సిటీలేవి, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో నిమిషాల మీద తేలిపోతాయి. ఇంతకీ డిగ్రీ చేతికి రావాలంటే ఏం చెయ్యాలి అనేదొక్కటే ఎవడికీ పట్టదు. అది యూనివర్సిటీ క్యాటలాగ్‌లో రాసుంటది, మహా అయితే పేజీన్నర, దాన్ని పూర్తిగా చదివినోడిని నేనైతే డాలస్ చుట్టుపక్కల చూళ్ళేదు.

మా రూమ్మేట్ సుబ్బు సంగతే తీసుకోండి. బీటెక్‌లో మెకానికల్, థర్మోడైనమిక్స్ సప్లీలు రాసి రాసి విసుగొచ్చి, సాఫ్ట్‌వేరే దిక్కనుకుని ఎంఎస్‌కి కంప్యూటర్స్ తీసుకున్నాడు. వేరే బ్రాంచి నుంచి వచ్చినోళ్ళని వీళ్ళు ఊరికే వదలరు, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటివి చదివి రమ్మంటారు, వీటికి ఇక్కడ లెవెలింగ్ కోర్సులని పేరు. ఫీజు కట్టాలి, అసైన్‌మెంట్లు చెయ్యాలి, గ్రేడూ వస్తది, కానీ ఆ క్రెడిట్లు డిగ్రీ లెక్కలోకి రావు. ఈ చివరి ముక్క అడ్మిషన్ లెటర్ మూడో పేరాలో ఉంది. సుబ్బు మొదటి పేరాలో కంగ్రాచులేషన్స్ అన్నది స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుని అక్కడితో చదువు ఆపేశాడు.

స్టూడెంట్లకిచ్చే ఎఫ్-1 వీసా కాబట్టి సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, అంటే కోర్సుకి మూడు చొప్పున మూడు కోర్సులు, తీసుకోవాలి, వాడు నాలుగు సెమిస్టర్లూ తొమ్మిదేసి లాగాడు, మొత్తం 36. డిగ్రీకి కావాల్సింది 30. థీసిస్ లేని ఆప్షన్, కోర్సులు చేస్తే చాలు. "ఆరు ఎక్స్‌ట్రా చేశాన్రా, వీళ్ళే నాకు బాకీ" అని వచ్చినోడికీ పోయినోడికీ చెప్పుకునేవాడు. రెండో సెమిస్టర్‌లో అల్గారిథమ్స్‌లో 'సి' వస్తే మాకు బిర్యానీ పార్టీ కూడా ఇచ్చాడు, గట్టెక్కాను అని. పాస్ అయితే పాసే అనేది మనకి పుట్టుకతో వచ్చిన నమ్మకం కదా, సప్లీలో 40 వచ్చినా డిస్టింక్షన్ వచ్చినట్టే తిరుగుతాం. వీళ్ళ పద్ధతి వేరే, అల్గారిథమ్స్ లాంటి తప్పనిసరి కోర్ కోర్సులో 'బి' కంటే తగ్గితే మళ్ళీ చదువుకోమంటారు, అదిగాక గ్రేడ్లన్నిటి సగటు, అదే జీపీఏ, 3.0కి తగ్గకూడదు. వాడి జీపీఏ 3.3, అందుకే ఎవడికీ అనుమానం రాలేదు.

కాన్వొకేషన్‌కి వారం ముందు నరసరావుపేట నుంచి అంకుల్, ఆంటీ దిగారు. వీసా వచ్చినప్పుడు చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసిన ఆంటీ, ఈసారి డిగ్రీ కోసం 11 చేసి మొక్కుకుని మరీ ఫ్లైట్ ఎక్కింది. అంకుల్ డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆ సాయంత్రం సుబ్బు పిజ్జా కూపన్ కోసం మెయిల్ వెతుకుతుంటే మార్చిలో వచ్చినదొకటి బయటపడింది, డిగ్రీకి ఏవి లెక్కకొచ్చాయో చెప్పే డిగ్రీ ఆడిట్ అని. ఆ మాట చెవిన పడేసరికి అంకుల్ సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

"ఆడిటా? అబ్జెక్షన్ ఏం రాశారు?"

అసలు రూల్సు తెమ్మన్నారు. నేను క్యాటలాగ్ ప్రింట్ తీసిచ్చా. కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ చెక్కి, జీవో చదివినట్టు కింద చిన్నక్షరాల్తో సహా చదివారండీ ఆయన. రెండేళ్ళు మేం నలుగురం తెరవని పేజీ పావుగంటలో అయిపోయింది.

"నంబరు ఐదుతో మొదలవ్వని కోర్సు లెక్కలోకి రాదన్నాడు, నీవి రెండున్నాయి." లెవెలింగ్ కోర్సులవి ఆరు కొట్టేశారు. 30.

సుబ్బు ఊపిరి పీల్చుకున్నాడు. "కరెక్ట్‌గా సరిపోయాయి కదా నాన్నా."

పెన్సిల్ ఇంకొంచెం కిందకి జారింది. "ఈ 'సి' ఏంట్రా?"

"పాసే నాన్నా."

"పాసని ఎవరు చెప్పారు? ఇక్కడ 'బి' అని రాశాడు." 27.

ఇక చూస్కోండి. ఐ-20, అంటే ఎప్పటిదాకా చదువుకోవచ్చో యూనివర్సిటీ రాసిచ్చే కాగితం, మే నెలలో అయిపోతది, తేదీ దాటకముందే ఎక్స్‌టెన్షన్ తీసుకోవాలి, దానికి బ్యాంకులో డబ్బులున్నట్టు మళ్ళీ కాగితం చూపించాలి. ఇక్కడ రాత్రి పదకొండున్నర అయితే ఊళ్ళో పది, బ్యాంకు తెరిచే టైము, అంకుల్ వంటింట్లో నిలబడి మేనేజర్‌తో "లెటర్ హెడ్ మీద ఇవ్వండి సార్, సీలు కనపడాలి" అని బ్లాకంతా వినపడేలా మాట్లాడారు. ఆంటీ మాత్రం ఆ ఒక్క కోర్సూ ఆన్‌లైన్‌లో చేసుకుంటూ మాతో వచ్చెయ్యరా అంది. కుదరదు, ఒక్క కోర్సే మిగిలితే ఎఫ్-1 వాళ్ళు అది క్లాసుకెళ్ళే చదవాలి.

సమ్మర్‌లో పూర్తిచేసేవాళ్ళని కూడా స్టేజీ మీదకి రానిస్తారు కాబట్టి కాన్వొకేషన్ మాత్రం ఆగలేదు. గౌను, టోపీ, చప్పట్లు, ఫొటోలు అన్నీ అయ్యాయి. వాడి చేతికొక అట్ట ఫోల్డరిచ్చారు. పార్కింగ్ లాట్‌లో అంకుల్ దాన్ని తెరిచారు. అందులో సర్టిఫికెట్ లేదు, ఎవరికీ ఉండదంట, అన్నీ సరిచూసి తర్వాత పోస్టులో పంపుతారు. మనకి ప్రొవిజనల్ అయినా చేతిలో పెడతారు. ఒక కాగితం మాత్రం ఉంది, పూర్వ విద్యార్థిగా యూనివర్సిటీకి విరాళం ఇవ్వండి అని.

"డిగ్రీ ఇవ్వకముందే చందా అడుగుతున్నారేంట్రా వీళ్ళు!"

ఆంటీకి వేరే దిగులు. 108 ఇప్పుడే చెయ్యాలా, ఆ మూడు క్రెడిట్లూ అయ్యాక చెయ్యాలా అని.

సమ్మర్ క్లాసు పొద్దున ఎనిమిదికి. అంకుల్ ఆరింటికల్లా సుబ్బు దుప్పటి లాగేసేవారు, ఆంటీ ఉప్మా డబ్బా బ్యాగులో పెట్టేది, ఇద్దరూ బస్టాప్ దాకా వచ్చి ఎక్కించేవాళ్ళు, పాతికేళ్ళ మనిషిని. 'ఎ మైనస్' వచ్చింది. ఆ మైనస్ ఎందుకొచ్చిందో కనుక్కోమని అంకుల్ ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఈలోగా మా ఫ్లోర్‌లో వార్త పాకింది. రోజూ సాయంత్రం ఎవడో ఒకడు గ్రేడ్ల లిస్టు, అదే ట్రాన్‌స్క్రిప్ట్, పట్టుకుని "అంకుల్, ఓసారి చూస్తారా" అని గుమ్మంలో నిలబడతాడు. ఆయన రిటైర్మెంట్ మర్చిపోయి, ఒక్కోడికీ ఫైల్ నంబరేసి, రేపు రమ్మంటున్నారు. నిన్న నాది కూడా తీసుకున్నారు. రెండో పేజీలో పెన్సిల్‌తో గుండ్రంగా ఏదో చుట్టారు, అదేంటని అడిగితే "పరిశీలనలో ఉంది బాబూ" అన్నారు.